కాలర్ మైకు

నేను మైకులు పెట్టెటోణ్ణి.
రూవీల పెండ్లయినా, సన్మానమైనా, సంతాపమైనా
గవే నాలుగు స్పీకర్లు, గదే నల్ల వైరు.
వేదిక మీద ఎవరేం జెప్పిన్రో నాకు యాదుండదు,
ఎవరి గొంతుకు ఎంత బేస్ కావాల్నో యాదుంటది.

నాంచారమ్మ మేడమ్ గొంతుకు ఏమీ అక్కర్లేకుండె.
దివిసీమ గొంతు, కొంచెం జీర.
పైట మడతకు క్లిప్పు పెడుతుంటే
"బరువే లేదు, పనిచేస్తుందా?" అన్నది.
ముప్ఫయ్యేండ్ల సంది బాతినా బావుల కాడ
సముద్రం మట్టి కిందికెల్లి ఎంత దూరం నడిచొచ్చిందో
కొలుచుకుంట తిరిగిన మనిషి.

ముందు వరుసల పేపరోళ్ళు.
మొదటి ప్రశ్న: ఇంట్ల వంట మీరే చేస్తరా?
రెండోది: ఈ చీర ఏడ కొన్నరు?
మూడో పిలగాడు పాపం చదువుకొని వచ్చినట్టుండె,
నీళ్ళ గురించే అడిగిండు:
"ఎడారిల గంగను ఎప్పుడు దించుతరు మేడమ్?"
చప్పట్లు.

ఆమె నింపాదిగ చెప్పింది. బర్కా కాడ ఒక బావి,
సువేక్ కాడ ఇంకోటి,
పడని వానలు, ఆగని పంపులు, పశువుల గడ్డి.
"ఇంకో పదేళ్ళ ఉప్పు లెక్క కావాలి.
ఇప్పటికైతే నాకు తెలియదు" అన్నది.
ఎట్ల తిప్పి అడిగినా అదే. మూడు సార్లు.
నా మిక్సర్ మీద పచ్చ గీత
మూడు సార్లు లేచి పడ్డది.

తెల్లారి పేపర్ల ఆ మాట లేదు.
"ఉప్పు సముద్రాన్ని ఆపిన తెలుగు తేజం" అని పెద్దక్షరాలు.
కింద ఫోటో. శాలువల నడుమ ఆమె ముఖం
కార్గో మూట మీద అడ్రసు చీటీ లెక్క.

ఒకటి చెప్పుడు మర్చిన.
మధ్యల చాయ్ ఇచ్చినప్పుడు ఆమె మైకు బంద్ చెయ్యలే నేను.
హెడ్‌ఫోన్ల అన్నీ ఇనబడ్డయి.
ఒకాయన కొడుక్కు సీటు అడుగుతుండు.
ఒకామె, "కొంచెం నవ్వండి మేడమ్, మా అక్కకు పంపాలె."
ఆఖరికి, తోటల పనిచేసే ఖానాపూర్ పోశెట్టి,
"పెప్సీ సీసల మా బావి నీళ్ళు తెచ్చిన అమ్మా" అన్నడు.
చానాసేపు ఏం లేదు.
మూత తిప్పిన చప్పుడు. నాలుక చప్పుడు.
"ఖర్జూరం ఇంకా తట్టుకుంటుందయ్యా. నిమ్మ తట్టుకోదు.
మీటరు పెడితే గాని ఖాయంగా చెప్పను. రేపు రానా?"
"రండమ్మా. శుక్రారం అర్బాబు ఉండడు."

ఎనిమిది నెలలకు
గడ్డి సాగు తగ్గిస్తే తప్ప బావులు బతకవని ఒక మాటన్నది.
గంతే.
గంగను దించమన్నోళ్ళే ఈమెకేం ఎరుక అన్నరు.
టీవీల గుండ్రటి బల్ల సుట్టూ కూసోని
డిగ్రీ ఏడిదో, పైసలు ఎవరిచ్చిన్రో,
మొగడు ఎందుకు ఇడిసిపెట్టిండో మాట్లాడిన్రు.
శాలువా కప్పినాయన గూడ ఉండె అందుల.
బావి పేరు ఒక్కని నోట్లకెల్లి రాలే.

మూడో పిలగాడు నాకు ఫోన్ చేసిండు.
"అన్నా, ఆ రోజు రికార్డింగ్ ఉన్నదా?
తెలియదు అన్నది సూడు, ఆ ముక్క గావాలె."

ముప్ఫై రియాళ్ళు.
రూం కిరాయికి తక్కువ పడ్డయంటే అబద్ధం.
కొత్త మిక్సర్ మీద మనసుండె.
కోసి ఇచ్చిన. పదకొండు సెకన్లు.
ముంగటి మాట లేదు, ఎనుకటి మాట లేదు.
నాకు తెలియదు. నాకు తెలియదు. నాకు తెలియదు.
వారం రోజులు ఊరంత తిరిగింది.
సౌండ్ మాత్రం మస్తు క్లియర్ ఉన్నదన్నరు.

పోశెట్టి సీస నా వైర్ల పెట్టెల ఉండిపోయింది.
మూత వదులు, నీళ్ళు ఎప్పుడో ఇగిరినయి.
అడుగున తెల్లటి వలయం.
మొన్న వేలు తడిపి నాలుక మీద పెట్టుకున్న.
ఉప్పే. ఎంతున్నదో ఆమె అయితే చెప్పు,
అదీ మీటరు పెట్టినంకనే.

ఇయ్యాల పొద్దుమీకి రూవీల ఇంకో సన్మానం.
ఎవరో గుండె డాక్టరట, పెద్దాయన.
బ్యాటరీలు చార్జింగ్ పెట్టిన.